కారు సైలెన్సరు ధర, నాణ్యత: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాహనదారులు గమనించవలసిన అంశాలు

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు బెంగళూరు రైలు మార్గంపైనే గాక కార్ల పటంలోనూ స్థానం సంపాదించుకొన్నాయి. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా సంస్థ కర్మాగార స్థాపనకు 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడ తయారైన తొలి సెల్టోస్ కారు వెలువడింది. సంవత్సరానికి 3 లక్షల కార్ల ఉత్పత్తి సామర్థ్యంతో నిర్మితమైన ఈ కర్మాగారం వలన ఈ ప్రాంతం పేరు దేశమంతటా తెలిసింది.

అయితే కారు తయారయ్యే ఊరిలో కారు విడిభాగం చౌకగా దొరుకుతుందని భావించడం సరికాదు. కంపెనీ విడిభాగాలు అధీకృత డీలర్ల ద్వారా, ముద్రిత ధరపైనే వినియోగదారునికి చేరుతాయి. వారంటీ గడువు ముగిసిన కార్ల యజమానులు, ముఖ్యంగా అద్దె కార్లు నడుపుకొని జీవించేవారు, పట్టణంలోని మెకానిక్ షెడ్లను లేదా బెంగళూరు జె.సి. రోడ్డులోని విడిభాగాల దుకాణాలను ఆశ్రయించడం సహజం. ఈ కొనుగోళ్లలో ఎక్కువగా మోసపోయే అవకాశమున్నది పొగ గొట్టం వ్యవస్థ విషయంలోనే. ఎందుకనగా దాని విలువంతా పైరేకులో గాక, కంటికి కనిపించని లోపలి భాగంలో ఉంటుంది.

పొగ గొట్టంలోని భాగాలు

ఇంజను నుండి వెలువడే వాయువులు ముందుగా మ్యానిఫోల్డులోనికి, అక్కడి నుండి క్యాటలిటిక్ కన్వర్టరులోనికి, తదుపరి సైలెన్సరులోనికి ప్రవేశించి చివరి గొట్టం ద్వారా బయటికి పోతాయి. సైలెన్సరు శబ్దాన్ని తగ్గిస్తుంది. కన్వర్టరు విషవాయువులను తగ్గిస్తుంది. కన్వర్టరు లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె ఉండి, దానిపై ప్లాటినం, పల్లాడియం, రోడియం అను విలువైన లోహాల పూత ఉంటుంది. ఈ పూత కార్బన్ మోనాక్సైడును, కాలని ఇంధన ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడులను హాని తక్కువగల వాయువులుగా మారుస్తుంది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్-6 ప్రమాణాలు అమలులోనికి వచ్చిన తరువాత డీజిల్ కార్లలో సన్నని మసిని పట్టే ఫిల్టర్లు కూడ చేరాయి.

ధరలో ఇంత తేడా ఎందుకు?

బజారులో ఒకే కారుకు పలు ధరలలో సైలెన్సర్లు లభిస్తాయి. వాటిని నాలుగు రకాలుగా విభజించవచ్చును. మొదటిది కంపెనీ పేరుతో వచ్చే అసలు భాగం. రెండవది విడిభాగాల తయారీదారులు తమ సొంత పేరుతో, బిల్లుతో, వారంటీతో అమ్మే భాగం. మూడవది పేరు, చిరునామా లేని ‘లోకల్’ సరుకు. నాల్గవది కంపెనీ పేరును దొంగతనంగా ముద్రించిన ‘డూప్లికేట్’. వీటికి తోడు గుజిరీలలో దొరికే పాత సామగ్రి ఉండనే ఉన్నది.

లోహాన్ని బట్టి కూడ ధర మారుతుంది. మామూలు ఇనుప రేకు అన్నిటికంటే చౌక. అన్నిటికంటే త్వరగా తుప్పు పట్టేది కూడ అదే. అల్యూమినియం పూత గల రేకు దానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. సుమారు 11 శాతం క్రోమియం గల 409 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు మరింత మన్నికైనది. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ గల 304 రకం తుప్పును ఇంకా బాగా తట్టుకొంటుంది. ధర కూడ అధికమే.

పూర్వపు అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కావున ఇక్కడ సైలెన్సర్లకు తుప్పు బెడద లేదని కొందరి అభిప్రాయం. సముద్ర తీరంలోని ఉప్పుగాలి ఇక్కడ లేని మాట నిజమే. అయితే సైలెన్సరు ఎక్కువగా లోపలి నుండి తుప్పు పడుతుంది. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఊరిలోనే రెండు, మూడు కిలోమీటర్లు తిరిగి ఆపివేసే కారులో గొట్టం పూర్తిగా వేడెక్కదు. ఆవిరి నీరుగా మారి సైలెన్సరు అడుగున నిలిచి, ఆమ్లంతో కలిసి రేకును తినివేస్తుంది. నిత్యం రహదారిపై దూరం నడిచే కారు కంటే బజారు వీధులలో తిరిగే కారు సైలెన్సరు ముందుగా చిల్లు పడడానికి ఇదే కారణం.

చౌక లెక్క

కేవలం ఉదాహరణ కొరకు ఒక లెక్క పరిశీలించవచ్చును. 3,000 రూపాయల సైలెన్సరు ఏడాదిన్నర, 6,000 రూపాయల సైలెన్సరు నాలుగున్నర సంవత్సరాలు మన్నినవనుకొందాం. బిగింపు కూలి ప్రతిసారి 500 రూపాయలు. నాలుగున్నర సంవత్సరాలలో మొదటి రకాన్ని మూడుసార్లు మార్చవలసి వచ్చి మొత్తం 10,500 రూపాయలు ఖర్చవుతుంది. రెండవ దానికి 6,500 రూపాయలతో సరిపోతుంది. కావున దుకాణదారుని ‘ధర ఎంత?’ అని అడగడంతోపాటు ‘వారంటీ ఎన్ని నెలలు? బిల్లుపై వ్రాసి ఇస్తారా?’ అని అడగడం అవసరం.

పన్ను విషయం కూడ గమనించదగినది. 2025 సెప్టెంబరు 22 నుండి వాహన విడిభాగాలపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. పన్ను కాక 6,000 రూపాయలున్న భాగంపై ఈ తేడా 600 రూపాయలు. బిల్లు తీసుకొనని వారికి ఈ తగ్గింపు అందినదీ లేనిదీ తెలియదు.

కన్వర్టరు తీసివేయడం ప్రమాదకరం

కన్వర్టరు ధర అధికం కావడంతో కొందరు దానిని తీసివేసి ఖాళీ గొట్టం వెల్డింగు చేయించుకొంటున్నారు. మరికొందరు పైకి ఒకేలా కనిపించి లోపల లోహపు పూత తక్కువగా ఉండే చౌక కన్వర్టరు కొంటున్నారు. అటువంటిది కొన్నాళ్లకే పని మానివేయగా, డ్యాష్‌బోర్డుపై ఇంజను హెచ్చరిక దీపం మళ్లీ వెలుగుతుంది. అసలు కన్వర్టరు ఊరకనే చెడదు. ఇంజను ఆయిలు మండడం, స్పార్కు ప్లగ్గు సరిగా పనిచేయక కాలని పెట్రోలు గొట్టంలోనికి పోవడం దీనికి ముఖ్య కారణాలు. ఆ లోపం సరిచేయకుండా కొత్తది బిగిస్తే అది కూడ చెడిపోతుంది.

పగిలిన గొట్టం, సరిగా అతకని గాస్కెట్టు ప్రాణాంతకం కాగలవు. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. ఏ.సి. వేసుకొని అద్దాలు మూసిన కారులో తలనొప్పి, వికారం, మగత కలిగినచో వెంటనే కారు ఆపి, బయటి గాలిలోనికి వచ్చి, గొట్టాన్ని తనిఖీ చేయించవలెను.

చట్టం ఏమి చెబుతున్నది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ప్రతి మోటారు వాహనానికి శబ్దాన్ని తగ్గించే సైలెన్సరు ఉండవలెను. కారు తయారీ దశలో శబ్ద పరిమితి 74 డెసిబెల్స్. కాలుష్య తనిఖీలో బి.ఎస్-4 పెట్రోలు కార్లకు ఇంజను ఖాళీగా తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షలకు 200 భాగాలు మించరాదు. కన్వర్టరు లేని కారు ఈ పరీక్షలో నెగ్గడం కష్టం. బి.ఎస్-4, బి.ఎస్-6 వాహనాలకు కాలుష్య ధ్రువపత్రం ఒక సంవత్సరం, అంతకు పూర్వపు వాహనాలకు ఆరు నెలలు చెల్లుతుంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి వాహనం నడిపినచో మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ వర్తిస్తాయి.

బిల్లు లేని సరుకు

విలువైన లోహాల కొరకు కన్వర్టర్ల దొంగతనాలు పెరిగాయి. 2021లో గుజరాత్‌లో ఈకో వ్యాన్ల సైలెన్సర్లను దొంగిలించిన ముఠాలు పట్టుబడ్డాయి. పెనుకొండ కియా కర్మాగారానికి చెందిన సుమారు 900 ఇంజన్లు మాయమైనట్లు 2025 మార్చిలో పోలీసులకు ఫిర్యాదు అందిన విషయం విదితమే. సరుకు ఎక్కడి నుండి వచ్చినదో తెలియకుండా కొనడం కొనుగోలుదారుని చిక్కులలో పడవేయగలదు.

కొనుగోలుదారులు పాటించవలసిన జాగ్రత్తలు

- పెట్టెపై తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉన్నవో లేవో చూడవలెను.
- భాగం నంబరును కారు మోడలు, తయారీ సంవత్సరం, బి.ఎస్. ప్రమాణంతో సరిపోల్చుకొనవలెను.
- అతుకులు సమంగా ఉన్నవో గమనించి, భాగాన్ని ఊపినప్పుడు లోపల గలగల శబ్దం వచ్చినచో తిరస్కరించవలెను.
- గాస్కెట్లు, రబ్బరు హ్యాంగర్లు కూడ కొత్తవి వేయించుకొనవలెను.
- తీసివేసిన పాత కన్వర్టరును అడిగి తీసుకొనవలెను. దానిలోని లోహాలకు పాత సామాను వ్యాపారుల వద్ద విలువ ఉంటుంది.
- జి.ఎస్.టి. బిల్లు, వారంటీ పత్రం భద్రపరచవలెను.

నాసిరకం భాగం అంటగట్టినచో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. 5 లక్షల రూపాయల లోపు కేసులకు రుసుము లేదు. అక్కడ వినియోగదారుని పక్షాన మాట్లాడేది ఆయన భద్రపరచిన బిల్లే. కావున వాహనదారులు ధరతోపాటు మన్నికను, ధ్రువీకరణను పరిశీలించి కొనుగోలు చేయవలసినదిగా కోరడమైనది.