ఫోన్‌లోకి రాని మెయిల్: నాలుగు దశాబ్దాల సింహావలోకనం

"ఫోన్‌లో మెయిల్ రావట్లేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంది." ఈ ఫిర్యాదు పాతదే. దాని వెనకున్న కారణం మాత్రం తరానికోసారి మారుతూ వచ్చింది. తొలినాళ్లలో తప్పు లైన్‌ది. తర్వాత సెట్టింగులది, ఆ తర్వాత బ్యాటరీది. ఇప్పుడు ఎక్కువగా గుర్తింపుది. ఈ చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది: నిన్నటి చిక్కు విప్పడానికి వేసిన ఉపాయమే రేపటి చిక్కు అవుతూ వచ్చింది.

మొదలు 1984లో ఉంది. సర్వర్‌లోని ఉత్తరాలను కంప్యూటర్‌లోకి దించుకునే పాప్ పద్ధతి ఆ ఏడాది అక్టోబరులో వచ్చింది. 1988లో పాప్3గా మారి, 1996లో ఇప్పటికీ వాడుకలో ఉన్న రూపానికి చేరింది. బల్ల మీద కదలకుండా కూర్చునే కంప్యూటర్‌ను, తెగని తీగను మనసులో పెట్టుకుని రాసిన నిబంధనలవి. వాటి ప్రకారం ఒకరు లోపలికి వెళ్లగానే మెయిల్‌పెట్టెకు తాళం పడుతుంది. పని ముగించి 'ఇక సెలవు' అని చెప్పి బయటికొస్తేనే తొలగింపులు అమలవుతాయి. చెప్పకుండా మాయమైతే, సర్వర్ కనీసం 10 నిమిషాలు ఎదురుచూశాకే తనంతట తాను ఆ లైన్‌ను మూసేయవచ్చు.

ఫోన్‌కు సెలవు చెప్పి వచ్చే తీరిక ఎక్కడుంది? రైలు సొరంగంలోకి దూరితే సిగ్నల్ పోతుంది. మళ్లీ కలిసేసరికి పెట్టె ఇంకా తాళంలోనే ఉంటుంది, లోపలికి రానివ్వదు. తీరా రానిచ్చాక చదివిన ఉత్తరాలే మళ్లీ దిగుతాయి. ఇంకో తంటా, ఆఫీసు కంప్యూటర్ ముందే అన్నీ దించుకుని సర్వర్‌ను ఖాళీ చేస్తే ఫోన్‌కు మిగిలేది శూన్యం. దీనికి 'సర్వర్‌లో కాపీ ఉంచు' అన్న మీట విరుగుడైంది. కానీ అప్పటి పెట్టెలు చిన్నవి. కాపీలు పేరుకుని పెట్టె నిండితే కొత్త ఉత్తరాలు పంపినవారి దగ్గరికే తిరుగుటపా కట్టేవి.

అసలైన జవాబు అప్పటికే తయారవుతోంది. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ 1986లో రూపొందించిన ఐమ్యాప్‌లో ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది, పరికరం కావలసినంత మేరకే చూస్తుంది. ముందు శీర్షికలు, అడిగితే మిగతాది. ఈ మితవ్యయం చేతి ఫోన్లకు ఎంత అవసరమో అటాచ్‌మెంట్లు చూస్తే తెలుస్తుంది. 1992లో వచ్చిన మైమ్ ప్రమాణంతో ఫొటోలు, ఫైళ్లు మెయిల్‌కు జతకట్టడం మొదలైంది. వాటిని అక్షరాలుగా మార్చి పంపే పద్ధతిలో పరిమాణం మూడో వంతు పెరుగుతుంది. అప్పటి మొబైల్ డేటా అయిన జీపీఆర్‌ఎస్ మీద, సెకనుకు 40 కిలోబిట్ల వేగంతో, ఒక మెగాబైట్ ఫైలు దిగాలంటే నాలుగు నిమిషాల పైమాటే. మధ్యలో లైన్ తెగితే మళ్లీ మొదటికే వచ్చే సందర్భాలూ ఉండేవి.

మన దగ్గర జీపీఆర్‌ఎస్ రోజుల్లో ఇంకో చిక్కు, ఫోన్ ఏ దారిన ఇంటర్నెట్‌లోకి వెళ్లాలో చెప్పే ఏపీఎన్. ఫోన్లలోని వ్యాప్ సెట్టింగ్ సాధారణంగా వెబ్ పేజీలకే దారి ఇచ్చేది. మెయిల్ వాడే 110, 143 పోర్టులు మూసే ఉండేవి. అందుకే బ్రౌజర్ తెరుచుకునేది, మెయిల్ మాత్రం కదిలేది కాదు. ఏపీఎన్ గడిలో ఎయిర్‌టెల్ వారైతే 'ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్.కామ్' అని, బీఎస్ఎన్ఎల్ వారైతే 'బీఎస్ఎన్ఎల్‌నెట్' అని కొట్టి, ఫోన్ ఆపి వేశాక ఉత్తరాలు జలజలా దిగిన అనుభవం ఆ తరంలో చాలామందిది.

ఈ తిప్పలన్నిటినీ ఒక్క దెబ్బకు దాటిన పరికరం బ్లాక్‌బెర్రీ. కెనడాలోని వాటర్లూకు చెందిన రిసెర్చ్ ఇన్ మోషన్ 1999లో పేజర్‌ను పోలిన 850 మోడల్‌ను తెచ్చింది. ఫోన్ అడగనక్కర్లేదు, ఉత్తరమే వెతుక్కుంటూ వస్తుంది. 2004లో అది భారత్‌కు వచ్చింది. అయితే సౌకర్యమంతా కంపెనీ కేంద్రాల గుండా సాగే ఒకే దారి మీద ఆధారపడింది. 2011 అక్టోబరు 10న ఆ దారిలో ఒక కీలకమైన స్విచ్ పాడైంది, దాని బదులు పని చేయాల్సినదీ చేతులెత్తేసింది. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియాలతో పాటు భారత్‌లోనూ సేవలు నిలిచాయి. తర్వాత అమెరికా ఖండాలకూ పాకి, కోలుకోవడానికి మూడు రోజులకు పైనే పట్టింది. బ్లాక్‌బెర్రీ మొరాయిస్తే బ్యాటరీ ఊడదీసి పెట్టడం అందరికీ తెలిసిన చిట్కా. ఆ మూడు రోజుల్లో అది ఎవరికీ పనికిరాలేదు. జబ్బు చేతిలోని ఫోన్‌ది కాదు మరి.

మైక్రోసాఫ్ట్ 2005లో తెచ్చిన డైరెక్ట్ పుష్ ఈ ఒంటిదారిని తప్పించింది. ఫోనే సర్వర్‌ను ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం నిమిషాల తరబడి లైన్ పట్టుకుని ఉంటుంది. కానీ నిశ్శబ్దంగా ఉన్న లైన్‌ను మధ్యలోని ఫైర్‌వాల్ తెంచేసేది. ఫోన్ మళ్లీ మళ్లీ కలుపుకుంటూ బ్యాటరీని తాగేసేది. ఆ దాహం తీర్చడానికి 2015లో ఆండ్రాయిడ్ 6.0 డోజ్ అనే నిద్రను తెచ్చింది. ఫోన్ కదలకుండా ఉంటే యాప్‌ల నెట్‌వర్క్ పనులు వాయిదా పడతాయి. కొన్ని కంపెనీలు దాని మీద తమ సొంత పొదుపు నియమాలూ పేర్చాయి. స్క్రీన్ వెలిగించగానే పది ఉత్తరాలు ఒక్కసారిగా వచ్చి పడితే, కారణం ఈ నిద్రే కావచ్చు.

ఉత్తరం దిగినా తెరవలేని రోజు కూడా ఒకటొచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో 'జ్ఞా'కు చెందిన ఒక ప్రత్యేక యూనికోడ్ వరుస కనిపిస్తే చాలు, సందేశాల యాప్‌లు కూలిపోయాయి. జీమెయిల్, అవుట్‌లుక్ యాప్‌లూ అందుకు మినహాయింపు కాదు. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 దాన్ని సరిచేసింది.

ఇక నేటి దశ, తాళంచెవులది. 2021 సెప్టెంబరు 30న, సర్వర్ అసలుదేనని పరికరాలు పోల్చుకోవడానికి ఆధారమైన ఒక ప్రధాన మూల సర్టిఫికెట్ గడువు తీరడంతో కొన్ని పాత పరికరాలు సర్వర్లను నమ్మడం మానేశాయి. 2022 మే 30 నుంచి గూగుల్ వ్యక్తిగత ఖాతాల్లోకి కేవలం పేరు, పాస్‌వర్డ్‌లతో వచ్చే పాత యాప్‌లను రానివ్వడం ఆపింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ కూడా దశలవారీగా అదే దారి పట్టింది. అందుకే సరైన పాస్‌వర్డ్ కొట్టినా 'తప్పు' అన్న సమాధానం వస్తుంది. మళ్లీ సైన్ ఇన్ కావాలి, లేదా యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. పెట్టె నిండే జబ్బూ కొత్త వేషంలో తిరిగొచ్చింది. 2021 జూన్ 1 నుంచి గూగుల్‌లో కొత్తగా దాచే ఫొటోలు కూడా మెయిల్‌తో కలిపి ఇచ్చే 15 జీబీలోనే లెక్కకొస్తున్నాయి. పెళ్లి ఫొటోలు దాచుకుంటే ఉద్యోగం ఉత్తరం ఆగిపోవచ్చు.

కాబట్టి మరమ్మతు అంటే ఇది ఏ కాలపు జబ్బో పోల్చుకోవడమే. బ్రౌజర్‌లో అదే ఖాతా తెరిచి చూస్తే సగం తేలిపోతుంది. అక్కడా కొత్త ఉత్తరం లేకపోతే ముందు నిల్వ చూడాలి. అక్కడ ఉండి ఫోన్‌లో లేకపోతే సమస్య ఫోన్ వైపుది. పాస్‌వర్డ్ పదే పదే అడిగితే గుర్తింపు, స్క్రీన్ వెలిగితేనే వస్తే బ్యాటరీ పొదుపు, వైఫైలో వచ్చి డేటాలో రాకపోతే నెట్‌వర్క్. సర్టిఫికెట్ మీద హెచ్చరిక వస్తే ముందు ఫోన్‌లో తేదీ, టైము సరిగా ఉన్నాయో లేదో చూడాలి.

చాలామంది ఇవేవీ చూడకుండా ఖాతా తీసేసి మళ్లీ పెడతారు. ఐమ్యాప్ అయితే నష్టం లేదు, అన్నీ సర్వర్‌లోనే ఉంటాయి. పాత పాప్ ఖాతా అయితే మాత్రం, సర్వర్‌లో కాపీ లేని ఉత్తరాలు ఆ ఒక్క నొక్కుతో పోతాయి. ఇన్నేళ్ల ఈ చరిత్రలో ఆలస్యమైన ఉత్తరాలు చాలావరకు చివరికి చేరాయి. ఇలా తొందరపడి తుడిచేసినవి తిరిగి రావడమే అరుదు.