బైరన్ కుక్క - రేబిస్ వ్యాధి

ఆంగ్ల కవి లార్డ్ బైరన్ బోసన్ అనే న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్కను ప్రాణప్రదంగా పెంచుకున్నాడు. 1808 నవంబరులో, ఐదేళ్ల వయసులో, అది రేబిస్‌తో మరణించింది. జబ్బు స్వభావం ఎరుగని బైరన్ దగ్గరుండి సేవ చేస్తూ, దాని నోటి చొంగను వట్టి చేతితోనే తుడిచాడని ఆయన జీవితచరిత్ర రాసిన థామస్ మూర్ పేర్కొన్నాడు. న్యూస్టెడ్ యాబీలోని తన తోటలో బైరన్ దానికి సమాధి కట్టించాడు. తననూ అక్కడే ఖననం చేయాలని 1811 నాటి వీలునామాలో కోరాడు.

పిచ్చికుక్క చొంగ ద్వారా ఈ వ్యాధి సోకుతుందని జర్మనీకి చెందిన జింకె 1804లోనే ప్రయోగాలతో నిరూపించాడు. ఆ జ్ఞానం బైరన్ ఇంటికి చేరలేదు. ఆయన చేతికి చిన్న గాయమున్నా ప్రాణాపాయమే. కరిచిన తరువాత మనిషిని కాపాడే పాశ్చర్ టీకా 1885లో గాని రాలేదు.

లక్షణాలు బయటపడిన కుక్కను బ్రతికించే చికిత్స నేటికీ లేదు. అప్పుడు చేయవలసినది దానిని తాకకుండా వేరుగా ఉంచి, పశువైద్యుని పిలిచి, ఆయన సలహా ఎంత కఠినంగా తోచినా పాటించడమే. ప్రేమకొద్దీ ఒడిలోకి తీసుకుంటే ఇంటిల్లిపాదికీ ముప్పు.

కుక్కను కాపాడుకునే నిర్ణయం అంతకు ఎంతో ముందే, అది ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోవాలి. మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువులలో మిగిలినవి తప్పక వేయించండి. కుక్క కరిచినా, చొంగ గాయానికి తగిలినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుని వద్ద టీకా వేయించుకోండి.