చెంబెడు నీళ్ళ చరిత్ర

నలభై దాటిన వాళ్ళకు ఈ రోజుల్లో సలహాలకేం కొదవలేదు. పొద్దున లేవగానే రెండు గ్లాసుల నీళ్ళు తాగండి, అన్నం మానేసి జొన్నరొట్టె తినండి, పులుపు తగ్గించండి, కాసేపు నడవండి. తప్పు పట్టాల్సిన మాటలేం కావు. కానీ దర్శి, పొదిలి, కనిగిరి వైపు మెట్ట ఊళ్ళలో వీటిని ఉన్నవి ఉన్నట్టు చెప్తే అక్కడి చరిత్ర ఒప్పుకోదు. ఆ ఊళ్ళలో ఎంతోమందిని నడివయసులో మంచాన పడేసింది తాగుడో పొగాకో కాదు, బావి నీళ్ళు.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు కలిసి మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో ఒక వ్యాసం రాశారు. మనదేశంలో ఈ జబ్బు మనుషుల ఎముకల్ని ఏం చేస్తుందో వైద్యలోకానికి చూపించిన తొలి వ్యాసంగా దాన్ని చెప్తారు. వాళ్ళు చూసిన రోగులు నెల్లూరు జిల్లా వాళ్ళు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు.

ఆ వ్యాసంలో నన్ను ఆపేసింది జబ్బు నడిచే తీరు. చిన్నప్పుడు పళ్ళ మీద సున్నపు మచ్చలు, తర్వాత గార. యవ్వనంలో పెద్దగా బాధ ఉండదు. ముప్పై దాటాక కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి, కీళ్ళు నొప్పులు పెడతాయి. నలభై వచ్చేసరికి నడుం బిగుసుకుపోతుంది, మెడ తిరగదు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూడాల్సిందే. అంటే మనిషి ఇంటికి ఆధారమయ్యే వయసులోనే జబ్బు బయటపడుతుంది. అప్పటిదాకా దాన్ని చాకిరీ వల్ల వచ్చిన నొప్పి అనో, వయసు అనో, ఖర్మ అనో సరిపెట్టుకోవడమే.

కారణం రాతినేల. రాళ్ళలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. దానికి రుచీ వాసనా లేవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. కానీ లీటరు లెక్క ఒక్కటే సరిపోదు, ఎన్ని లీటర్లు తాగుతున్నామన్నదీ చూడాలి. ఎండలో మిరపకోతకో పత్తి తీతకో వెళ్ళిన మనిషి, నీడపట్టున కూర్చున్న మనిషి కంటే ఎంతో ఎక్కువ నీళ్ళు తాగుతుంది. ఒకే బావి, ఒకే చెంబు, కానీ ఒంట్లో చేరే ఫ్లోరైడ్ వేరు.

1940లో సి.జి. పండిట్ బృందం ఇంకో ముక్క కలిపింది. ఎముకల జబ్బు ముదరడానికి నీళ్ళతో పాటు తిండి కూడా కారణమే అన్నారు వాళ్ళు. సి విటమిన్ తక్కువైన చోట బాధ ఎక్కువని చూశారు. అంటే పేదవాళ్ళకు రెండు దెబ్బలు. తర్వాత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ దారిలోనే వెళ్ళారు. వరి అన్నం తిన్నప్పటికంటే జొన్న తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తోందని 1977లో చెప్పారు. 2002లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో కొందరు పిల్లలకు రోజూ మధ్యాహ్నం భోజనంలో 10 గ్రాముల చింతపండు పెట్టి చూస్తే, మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. అలాగని చింతపండు మందైపోదు, జొన్న విషమూ కాదు. ఏ అలవాటు మంచిదో తేల్చేముందు అది ఏ ఊళ్ళో, ఏ నీళ్ళతో అని అడగాలి, అంతే.

నీళ్ళను బాగుచేసే ప్రయత్నాలూ జరిగాయి. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఇంట్లో బకెట్లో కూడా చేసుకోవచ్చు. కానీ రోజూ కొలిచి కలపాలి, తేరుకునేదాకా ఆగాలి, అడుగున దిగిన మడ్డి పారబోయాలి. పొలం నుంచి పొద్దుగూకి వచ్చిన ఆడమనిషి మీద ఇంకో పని పడేసి దాన్ని అలవాటు చేసుకోమంటే ఎలా? సాగర్ కుడికాలువ నీళ్ళు చెరువుల్లో నింపి, శుభ్రం చేసి కుళాయిల్లో ఇచ్చిన చోట ఆ బాధ తప్పుతుంది. మిగతాచోట్ల ఇప్పుడు 20 లీటర్ల క్యాను. తాగడానికి క్యాను, వంటకు బోరు అయితే మాత్రం అన్నంలో, పప్పులో మళ్ళీ అదే ఫ్లోరైడ్.

కాబట్టి ఈ నేల మీద నడివయసు అలవాట్లు కొంచెం వేరు. బోరు నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. మంచినీళ్ళు తాగడానికే కాదు, వంటకూ వాడాలి. పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ తిండిలో ఉండాలి. మెడ పట్టేస్తే వయసని ఊరుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి. ఎముకలో చేరింది అంత తొందరగా పోదు.

ఇవి మన చేతిలో ఉన్నవి. బావిలో ఏముందన్నది మాత్రం ఒక్కరి అలవాటుతో మారేది కాదు, ఊరంతా కలిసి అడగాల్సిందే. 1937లో తెలిసిన సంగతికి ఇంకా క్యాను కొనుక్కుని జవాబు చెప్పుకుంటున్నాం.