మూపునొప్పి – కానరాని కంతి



మూపు నొచ్చినంతనే మనము వాతమందుము. నువ్వులనూనె మర్దించి, వావిలాకు కాపడము పెట్టి, తగ్గకున్న ముదిమి యని యూరకుందుము. నేనును రెండేండ్లట్లే చేసితిని. ఒకనాడు మా మనుమడు నా వీపు రుద్దుచు, నేను చేయి ముందునకు చాచినపుడు రెక్కయెముక క్రింద నిమ్మపండంత కంతి యుబుకుటయు, చేయి దించగనే మాయమగుటయు కనిపెట్టెను. అట్టి కంతుల చరిత్రమునే నేడు మనవి చేసెదను.

వాతమునకును కంతికిని గల భేదము మన ప్రాచీనులెఱుగుదురు. సుశ్రుతసంహిత నిదానస్థానమున మొదటి యధ్యాయమందు అవబాహుకమను మూపువాతమును, పదునొకండవ యధ్యాయమందు అర్బుదమును వేర్వేరుగ చెప్పినారు. అర్బుదము గుండ్రమై, కదలక, లోతుగ వేరూని, మెల్లగ పెరుగుననియు, చీము పట్టదనియు, నొప్పి యల్పమనియు వర్ణించిరి. ఈ కడపటి మాట మఱవరాదు.

దీనికి విపరీతమును గలదు. 1812లో ఎడింబరో శస్త్రవైద్యుడు విలియం వుడ్, చర్మము క్రింద బఠానీగింజంతటి కంతి దుస్సహమగు బాధ పెట్టుటను వర్ణించెను. అది రక్తనాళముల కొనల వేడిమిని సరిచూచు సూక్ష్మాంగమున పుట్టునని 1924లో పియేర్ మాసన్ తెలిపెను. వ్రేళ్లయందు మెండుగను, మూపున అరుదుగను కలుగు నా కంతివలన ప్రాయికముగ ప్రాణభయము లేదు. కాబట్టి నొప్పి అపాయమునకు కొలత కాదు.

మఱి కొలత యేది? 1858లో బెర్లినున రుడాల్ఫ్ విర్కో, రోగమునకు మూలము దేహకణములయందే కలదని బోధించెను. నాటినుండి కంతిముక్కను సూక్ష్మదర్శినితో చూచి మంచిచెడ్డలు నిర్ణయించుట బలపడినది. 1961లో ఫిన్లెండు దేశీయులగు యార్వి, సాక్సెన్ అనువారు వృద్ధుల రెక్కయెముక క్రింద సాగెడు నారలతో పెరుగు కంతిని వర్ణించి ఎలాస్టోఫైబ్రోమా యనిరి. అది చెడ్డది కాదు. నాది యదియే యని ఎమ్మారై చిత్రమున తేలినది. కోయ నక్కఱ లేకపోయెను.

నా తోడి యుపాధ్యాయుడొకనికి నట్లు కాలేదు. మూపున కంతి లేచినను "నొప్పి లేదు గదా" యని యతడేడాది గడపెను. అది సార్కోమా యను చెడుకంతి. వైద్యులు ప్రాణము నిలిపిరి గాని చేయి నిలుపలేకపోయిరి. నల్లబల్లపై ముత్యములవంటి యక్షరములు వ్రాసిన చేయి యది.

కావున పెద్దలారా! కంతి కనబడినచో మర్దింపకుడు, పరీక్షకు మునుపే కోయింపకుడు. పెరుగుచున్నను, రెండంగుళములు మించినను, లోతుననున్నను, రాత్రి నిద్ర చెఱచినను, నొప్పి లేకున్నను సరే, పెద్దవైద్యశాలలో చూపుడు. వాతమే యని తేలినచో నూనెగిన్నె యెక్కడికిని పోదు.