గోదావరి సీమలో వాయుకవాటము

నీటికి తలుపు వేయుట మన గోదావరి మండలములవారికి క్రొత్తగాదు. కాటన్ దొర చేపట్టగా 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టతోడనే లాకులును తూములును మన బ్రతుకున చేరినవి. కాలువకు లాకు యెట్టిదో వాయుగొట్టమునకు కవాటము, అనగా వాల్వు, అట్టిది. నీరు కంటికి కనబడును, వాయువు కనబడదు. ఈ భేదమునకు మన సీమ చెల్లించిన మూల్యమును గూర్చి నేడు మనవి చేసెదను.

సహజవాయువునకై బావి త్రవ్వునపుడు దాని ముఖమున బలమైన కవాటముల వరుసను బిగింతురు. లోని ఒత్తిడి హెచ్చినచో అవి దారిని కట్టవలెను. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావిలో వాయువు అదుపుతప్పి పైకెగసి అంటుకొన్నది. మార్చి 15వ తేదికిగాని ఆ మంట చల్లారలేదు. చుట్టుపట్ల జనులు ఇండ్లు విడిచి పోవలసివచ్చినది.

2014 జూన్ 27 వేకువను నాగరము గ్రామమున గెయిల్ వారి గొట్టము పగిలినది. వాయువు వీధులందు వ్యాపించి భగ్గుమనెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. పొడివాయువునకు ఉద్దేశించిన గొట్టమున తడివాయువు పారుటచే లోపల తుప్పు పట్టెనని విచారణలో తేలినది. కవాటము మూసినను, రెండు కవాటముల నడుమ నిండియున్న వాయువు వెడలిపోవు వరకు ప్రమాదము తీరదు. కావున గొట్టము చెడినపుడు కవాట మొక్కటియే మనలను కాపాడజాలదు.

ఇక ఇంటి సంగతి. గొట్టపు వాయువు వచ్చు ఇండ్లలోని కవాటమున నడుమ రంధ్రముగల గుండొకటి యుండును. పిడి గొట్టము వెంబడి నున్నచో దారి తెరచినట్లు; పావుచుట్టు త్రిప్పి అడ్డముగా నిలిపినచో మూసినట్లు. అప్పుడప్పుడు దానిని మూసి తెరచి చూడవలెను. ఏండ్లతరబడి కదల్పనిది ఆపదవేళ కదలదు. బిగిసినదానిని సుత్తితో కొట్టక, తెలిసిన పనివానిని పిలువవలెను. అతుకులకు సబ్బునీరు పూసి చూచునది. బుడగలు లేచినచో వాయువు కారుచున్నదన్నమాట. అగ్గిపుల్లతో పరీక్షించుట ప్రాణాంతకము. వాసన తగిలినచో కవాటము మూసి, కిటికీలు తెరచి, విద్యుత్తు మీటలను ముట్టక వెలుపలికి పోవలెను. సిలిండరు వాయువు గాలికంటె బరువు గనుక నేలనంటి నిలుచును. సహజవాయువు తేలిక గనుక పైకప్పు చేరును.

వేసవిని కాలువలు కట్టినపుడు లాకుతలుపులకు మరమ్మతు జరుగును. వాయుగొట్టమున కట్టి ఋతువు లేదు. గడువును మనుష్యులే నిర్ణయించి పాటింపవలెను. తమ యూరి మీదుగా పోవు గొట్టమునకు దగ్గరి కవాట మెక్కడనున్నదో, దానిని మూయువా రెవ్వరో, కడపటి పరీక్ష యెన్నడు జరిగెనో అడుగుట గ్రామస్థుల హక్కని నా అభిప్రాయము. నాగరము నేర్పిన పాఠ మిదియే.