బడి ఇవ్వని బలం

మెదడుకు పదును చదువుతోనే వస్తుందనీ, రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలు వెనకబడతారనీ చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. రెండు నమ్మకాలనూ గట్టిగా కదిలించిన ఆధారం మన హైదరాబాదులోనే దొరికింది.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1923లో సేర్ అనే పరిశోధకుడు వేల్స్ పల్లెల్లో రెండు భాషల పిల్లలకు తెలివి తక్కువన్నాడు. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ పిల్లల ఇంటి పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకుని కొలిస్తే రెండు భాషలవాళ్లే ముందున్నారు.

అసలు వివాదం 2007 నాటిది. రెండు భాషలవారికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా వస్తోందని టొరాంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం చెప్పింది. అక్కడ అలాంటివారిలో ఎక్కువమంది వలసవచ్చినవాళ్లు. ఆ మేలు భాషదా, వలసదా?

అప్పట్లో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో నాడీవైద్యురాలైన సువర్ణ అల్లాడి బృందం ఈ చిక్కుముడిని చాలావరకు విప్పింది. 2013లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 648 మంది రోగులున్నారు, వాళ్లలో 391 మందికి ఒకటికి మించిన భాషలు వచ్చు. తెలుగు, దక్కనీ, హిందీ కలిసి వినిపించే ఊళ్లో రెండో భాష కోసం ఎవరూ దేశం దాటక్కర్లేదు. ఒకే భాషవారికి సగటున 61.1 ఏళ్లకు మొదలైన జబ్బు వీళ్లకు 65.6 ఏళ్లకు మొదలైంది. అక్షరం ముక్క రానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. కాబట్టి దాన్ని చదువు ఖాతాలో వేయలేం. పక్షవాతం వచ్చిన 608 మందిపై 2016లో వెలువడిన అధ్యయనంలో, ఆలోచనాశక్తి చెక్కుచెదరనివారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం.

పరిమితులూ ఉన్నాయి. ఇవి ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్కలు. మూడో భాషతో అదనపు మేలు కనబడలేదు. న్యూయార్కులో వృద్ధులను ఏళ్ల తరబడి గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఈ రక్షణ తేలలేదు. అయినా రోజూ రెండు భాషల్లో బతికే సమాజానికి హైదరాబాదు ఆధారమే దగ్గరిదని నా అభిప్రాయం.

మన నిజామాబాద్ జిల్లా అలాంటిదే. సిరికొండ తండాల్లో ఇంట్లో లంబాడీ, అంగడిలో తెలుగు. బోధన్‌లో తెలుగు, ఉర్దూ, మరాఠీ పక్కపక్కనే నడుస్తాయి. అక్కడ బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది. ఇంటి భాష మాట్లాడితే మందలించే బడి ఈ సంపదను చెరిపేస్తోంది. ఇంగ్లిషు రావాలి, కానీ ఇంటి భాష మీద చేరాలి, దాన్ని తోసేసి కాదు. తండా పిల్ల ఒకటో తరగతిలో చేరిన రోజే, ఆమె లంబాడీని పాఠానికి వాడుకోగల టీచరు ఎదురుగా ఉండాలి. అలాంటి టీచరు లేని ఇంగ్లిషు మీడియాన్ని ముందడుగు అనలేను.