చంపావతీ తీరమున పక్షివీక్షణము

పక్షులను చూచుట దొరలు తెచ్చిపెట్టిన విలాసమని మనలో పలువురు నమ్ముచుందురు. ఈ నమ్మకమున సగమే సత్యము. మెడకు దుర్భిణి తగిలించుకొని తెల్లవారకమునుపే చెరువుగట్టు చేరు అలవాటు మనకు క్రొత్తదే కావచ్చును. కాని గజపతినగర ప్రాంతపు రైతు తన పొలమున వ్రాలు పిట్టను గుర్తుపట్టని కాలము ఎన్నడును లేదు. దసరానాడు పాలపిట్టను చూడవలెనని పొలిమేర దాటి పోవువారును, ప్రయాణమునకు బయలుదేరుచు గరుడపక్షి దర్శనమునకై ఆకసము వంక చూచువారును, మానాపురము సంతకు పశువులను తోలుకొనిపోవుచు వాని వీపులపై దర్జాగా కూర్చుండిన పసులపోలిగానిని పేరుపెట్టి పిలుచు కాపరులును పక్షివీక్షకులు కాక మఱెవరు? వారు ఫలము కొఱకు చూచిరి, నేటివారు పక్షి కొఱకు చూచుచున్నారు; భేదమంతయు అక్కడనే యున్నది. ఆ పాలపిట్ట తంతితీగపై కూర్చున్నంతసేపును మాసిన గోధుమవన్నెతో ఎవరికిని పట్టదు. రెక్క విప్పెనా, నీలపు పట్టీలు ధగధగలాడును. (రాష్ట్రవిభజన జరిగిన పిమ్మట అది తెలంగాణకు రాష్ట్రపక్షియై నిలిచినది, 2018లో మన ఆంధ్రప్రదేశ్‌కు రామచిలుక వచ్చినది. ఈ పంపకముల సంగతి పక్షులకు మాత్రము ఇంకను తెలియదు.)

శాస్త్రీయమైన పక్షిపరిశీలనము ఈ ప్రాంతమున జ్వరములతోడను విరేచనములతోడను ఆరంభమైన దనిన వింతగా తోచును. థామస్ కావర్‌హిల్ జెర్డన్ అను యువవైద్యుడు కుంఫిణీ కొలువున 1836 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున దిగి, గంజాము సీమలో రోగపీడితమైన సైన్యమునకు చికిత్స చేయుటకై పంపబడెను. నాడు ఇచ్ఛాపురము మొదలగు తెలుగు ఊళ్లు గంజాము జిల్లాలోనివే. రోగులను చూడగా మిగిలిన ప్రొద్దున అతడు తూర్పు కనుమల పక్షులను చూచెను. పిదప నెల్లూరు మొదలగు చోట్ల కొలువు చేయుచు వివరములు కూర్చి, 1862 మొదలు 1864 వఱకు ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ అను గ్రంథమును వెలువరించెను. అందు అనేక పక్షులకు ఇంగ్లీషు పేరుతోపాటు తెలుగు పేరును గలదు. ఆ తెలుగు పేర్లను అతనికి చెప్పినవారు మన వేటకాండ్రును, వలకాండ్రును గాక వేఱెవరు కాగలరు? గ్రంథమున పక్షి పేరు మిగిలినది. చెప్పినవాని పేరు మిగులలేదు.

ఆ కాలమున పక్షిని గుర్తించు సాధనము తుపాకియే. కొట్టి, చర్మ మొలిచి, గడ్డి కూరి, కొలతలు తీసినగాని అది యేమని పండితులు ఒప్పెడివారు కారు. దీనిని క్రౌర్యమని నేడు మనము తేలికగా తీసిపాఱవేయరాదు. దూరముననున్న పిట్ట కంటివలయపు రంగును తేల్చుటకు వారికి వేఱు మార్గము లేకుండెను. ఇటలీ దేశీయుడు పోరో పట్టకముల దుర్భిణికి 1854లోనే హక్కుపత్రము పొందినను, జర్మనీయందలి జైస్ సంస్థ దానిని సరిగా నిర్మించి అంగడికి తెచ్చుట 1894లో గాని జరుగలేదు.

జెర్డన్ కడపసీమలో కనుగొన్న కలివికోడి కథ తెలుగువారిలో చాలమంది యెఱిగినదే. 1900లో అనంతపురము చెంత దానిని చూచిన క్యాంబెల్ అను మతబోధకుడు, 1903లో వెలువడిన బ్రౌను నిఘంటువు సవరణ ముద్రణమున వేంకటరత్నముతోడను, కందుకూరి వీరేశలింగముతోడను పాల్గొన్న క్యాంబెలే. నిఘంటువులో పక్షుల పేర్లు వెదకువారు ఈ సంగతి మఱువరాదు. 1900 పిమ్మట ఎనుబదియైదేండ్లు కానరాని ఆ కలివికోడి 1986 జనవరిలో లంకమల చెంత మరల దొరకుట సైతము స్థానికుల కన్నుల చలువయే.

మన కొండల వైపు మరలుదము. 1929లో ఆర్థర్ వెర్నే అను ధనికుని వ్యయముతో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు తూర్పు కనుమల పక్షులను సేకరింపసాగిరి. గజపతినగరమునకు పడమట కనుపట్టు అనంతగిరి కొండలును అందు చేరినవి. ఆ సేకరణమును విస్లర్, కిన్నియర్ అను పండితులు పరిశీలించి వరుస వ్యాసములుగా ప్రకటించిరి. కాని ఈ కొండలను తన ఇంటి పెరడువలె ఎఱిగిన పరిశీలకుడు ఆ పిమ్మట విశాఖపట్టణమున వెలసెను. కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఏండ్ల తరబడి ఈ కనుమలలో తిరిగి గుర్తించిన విషయములు, రిప్లీ, బీహ్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి వ్రాసిన విశాఖ కనుమల పక్షుల వ్యాసమున చేరినవి. ఇచ్చటి అబట్ కూతపిట్ట ఉపజాతికి 1985లో ఆ అమెరికా శాస్త్రజ్ఞులు ‘కృష్ణరాజుయి’ అని పేరిడిరి. వెనుకటి ఆ వేటకాండ్రకు దక్కని గౌరవము ఒక తెలుగువానికి ఈ విధముగా దక్కినది.

దుర్భిణి కొనగోరువారికి ఇచ్చట ఒక మాట. పెద్ద అంకె చూచి మోసపోవువారే పెక్కురు. 8×42 అనుచోట మొదటిది ఎన్ని రెట్లు దగ్గఱగా చూపునో తెలుపును. రెండవది ముందటి అద్దము వెడల్పు, మిల్లీమీటర్లలో. పది రెట్లు చూపు దుర్భిణి పక్షితోపాటు చేతివణుకును గూడ పది రెట్లు చూపును. చూపుమేరయు కుదించుకొనిపోవును గనుక, చింతకొమ్మలలో చరించు పిట్టను వెదకి పట్టులోపల అది కాస్తా ఎగిరిపోవును. నా మటుకు నాకు ఎనిమిదియే మేలని తోచును. 42ను 8చే భాగింపగా వచ్చు 5.25 మిల్లీమీటర్లు కంటిని చేరు వెలుగువలయపు వెడల్పు. వేకువ మసకలో అక్కఱకు వచ్చునది ఇదియే. దుకాణమున దుర్భిణిని చేయి చాచి వెలుతురువైపు పట్టి, కంటి అద్దములలోని వెలుగుబిళ్లలను చూడవలెను: అవి గుండ్రముగానుండిన సరే, అంచులు కోసినట్లు పలకలుగానుండిన, లోని పట్టకములు నాసిరకమని గ్రహింపవలెను. మన తీరపు ఉక్కకు అద్దములకు బూజు పట్టును గనుక, నత్రజని నింపి బిగించినదానిని కొని, చెమ్మ పీల్చు పొట్లముతో డబ్బాలో దాచుకొనుట మంచిది.

ఇక గుర్తించుట. వరిమడిలో తెల్లనిదంతయు ఒకటే కొంగ యని విడిచిపెట్టరాదు. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా నుండి, వ్రేళ్లు మాత్రము పసుపు ముంచినట్లున్నది చిన్న తెల్లకొంగ; ముక్కు పసుపుపచ్చనై పశువుల వెంట తిరుగునది పశువులకొంగ. ఈ తెల్లకొంగలు ఎగురునపుడు మెడను ముడుచుకొనును. ఎఱ్ఱకాళ్లకొంగయు, నత్తగుల్లకొంగయు మెడ చాచి పోవును. నత్తగుల్లకొంగ ముక్కు మూసినను నడుమ సందు కనబడును. పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగినకొలది ఏర్పడును.

మెడ చాచి యెగురు ఆ రెండు జాతులకును శ్రీకాకుళము జిల్లా పుట్టినిల్లువంటిది. టెక్కలి చెంత తేలినీలాపురమున గూడబాతులును, ఎఱ్ఱకాళ్లకొంగలును శరత్తున వచ్చి ఊరి చింతలపై గూళ్లు కట్టును. ఇచ్ఛాపురము చెంత తేలుకుంచిలో నత్తగుల్లకొంగలు తొలకరికి దిగును. పక్షులు రాని యేడు కఱవు వచ్చునని ఆ గ్రామస్థుల విశ్వాసము. చట్టము పుట్టకమునుపే వానిని కాపాడినది ఈ విశ్వాసమే. ఐనను ‘సైబీరియా అతిథులు’ అని పత్రికలు ఏటేట వ్రాయుట తప్పు. ఈ మూడు జాతులును దక్షిణాసియాలో కాపురముండి, నీటిని మేతను బట్టి చోటు మార్చునవే గాని, మంచుదేశమునుండి వచ్చునవి కావు. మన చింతలపై పుట్టిన పిల్లను పరదేశి యనుట న్యాయము కాదు.

తేలినీలాపురమునకు పేరు వచ్చినది. గజపతినగరపు చెరువులకు రాలేదు. చంపావతి యేటి ఇసుకతిన్నెలపై ఏ నెలలో ఏ ఉల్లంకి దిగునో, తాటిచెట్ల గిజిగాని గూళ్లు ఏ వానకు మొదలగునో చెప్పగలవారు ఊళ్లలో ఇంకను ఉన్నారు. ఇచ్చటి యువకులారా, దుర్భిణి కొనువఱకు ఆగవలదు. తేది, చెరువు పేరు, పక్షి పేరు, ఎన్ని కనబడెనో ఆ లెక్క, ఈ నాలుగింటిని ఒక పుస్తకమున తెలుగుననే వ్రాసియుంచుడు. పక్షి పేరు చెప్పిన పెద్దవాని పేరును గూడ ప్రక్కనే చేర్చుడు.